రెండు బొక్కల గొంగడి

ఆ పొద్దు నరసింహులు చేయవలసిన పని ఒక్కటే. నోరు మూసుకుని ఉండటం.

"ఈసారి నువ్వు మాట్లాడాకు," అంది భార్య అంకాలమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ. "పామూరోళ్లు పిల్లను తీసుకుని వస్తాండారు. ఏమడిగినా ఊఁ అను. దాన్ని దాటి ఒక్క అక్షరం వద్దు."

"ఊఁ," అన్నాడు నరసింహులు.

ఆమె భయానికి కారణం ఉంది. నరసింహులు ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. గొర్రెల వెంట తిరిగిన మనిషికి మనుషులతో అంతగా అవసరం పడలేదు. కానీ నోరు తెరిచాడంటే మాత్రం ఉన్నమాట తప్ప ఇంకోటి రాదు. మొదటి సంబంధం వాళ్లు పిల్లోడు ఎట్లాంటోడని అడిగితే, "తిండి మీద యావ లేదు, పని మీద యావ లేదు. యావంతా ఆ చెవి డిప్పల మీదే," అన్నాడు. రెండో సంబంధం వాళ్లు ఇల్లు బాగుందన్నారు. "వాన పడనప్పుడు బాగుంటది," అన్నాడు. రెండూ పోయాయి. ఇది కూడా పోతే కొనకనమిట్ల చుట్టుపక్కల కొడుకు ప్రకాష్‌కు పిల్లను చూపించేవాడు ఉండడని, సంబంధాలు కుదిర్చే బ్రహ్మం తేల్చి చెప్పి ఉన్నాడు.

ప్రకాష్ మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాడు. మంచివాడే. వాడికి ఉన్నది ఒక్కటే పిచ్చి. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన హెడ్‌ఫోన్లు తెప్పించుకున్నాడు. అవి మామూలువి కావట. ఒక్కో డిప్పలో అయస్కాంతాల వరుసల పక్కన ఉల్లిపొర కంటే పలచటి పొర బిగించి ఉంటుంది. ఆ పొర కదిలితేనే పాట. దాని వెనక ఏ గుడ్డ పెడితే ఏ మోత తగ్గుతుంది, ఏ దూది పెడితే ఏ గొంతు తేటపడుతుంది అని వాడు ఒకటే విప్పడం, బిగించడం. అంకాలమ్మ పాత చీర, దిండులో దూది, గోనెసంచి ముక్క, అన్నీ ఆ డిప్పల్లోకి వెళ్లి వచ్చినవే. అయినా ఎడమవైపు గరగర పోలేదు.

"నాయనా," లోపలి నుంచి కేకేశాడు ప్రకాష్. "గొంగడిలో రెండు ముక్కలు కోసుకుంటా. దీనికి గొర్రె బొచ్చును మించింది లేదంట."

"ఊఁ," అన్నాడు నరసింహులు.

నరసింహులు అనుకున్నది దొడ్డి తడిక మీద ఆరేసిన పాత గొంగడి. ప్రకాష్ అనుకున్నది పెట్టెలోది. పాతదాని వాసన చెవులకు పడుతుందని వాడి బాధ. పెట్టెలోది నరసింహులు నాయన నాటి నల్ల గొంగడి. పెళ్లిమాటలు మాట్లాడుకునే రోజు తప్ప బయటికి రాదు. దాని మీద కూర్చుని ఇచ్చిన మాటకు తిరుగు లేదు. మాట ముగిసేదాకా దాని మీద నుంచి లేవకూడదు. ఇదంతా ప్రకాష్‌కూ తెలుసు. కానీ చేతిలో కత్తెర, చెవిలో గరగర ఉన్నప్పుడు వాడికి ఇంకేమీ తెలియదు. అంచులు పలచబడి ఉన్నాయని చూసి, మందంగా ఉన్న నడిమధ్యలో, అరచేతంత గుండ్రంగా రెండు ముక్కలు కోసి, గొంగడిని ఎప్పటిలా మడిచి పెట్టెలో పెట్టాడు.

అంతలో బ్రహ్మం వచ్చాడు. అరుగు ఎక్కబోతుంటే లోపల ప్రకాష్ ఫోనులో ఎవరితోనో అంటున్నాడు. "ఎడమ చెవి పోయినట్టే ఉండాది రా. లోపల పొర చిరిగిందో ఏమో. గొర్రె బొచ్చు కూరి చూస్తాండా."

బ్రహ్మం కాలు గాల్లోనే ఆగిపోయింది. దొడ్డి దగ్గరున్న నరసింహులు వైపు పరుగెత్తాడు.

"మామా! ఎడమ చెవి పోయిందా?"

కొడుకు ఆ డిప్పల్ని కుడి చెవి, ఎడమ చెవి అనే పిలుస్తాడు. "ఊఁ," అన్నాడు నరసింహులు.

"పొర చిరిగిందా?"

"ఊఁ."

"మొదట్నుంచి ఇంతేనా?"

హైదరాబాదు నుంచి వచ్చిన రోజు నుంచీ అంతే. "ఊఁ."

"చెవిలో గొర్రె బొచ్చు కూరుకుంటాండాడా, మామా?"

"ఊఁ."

బ్రహ్మం తల పట్టుకున్నాడు. దాచిపెట్టి పెళ్లి చేస్తే రేపు తన్నులు తినేది తనే. అంకాలమ్మకు తెలియకుండా చింతచెట్టు చాటుకు పోయి, దారిలో ఉన్న పిల్ల తండ్రి గురుస్వామికి ఫోను చేసి ఉన్నదంతా చెప్పేశాడు. ఇక వాళ్లు కారు వెనక్కి తిప్పుకుంటారని అనుకున్నాడు. గురుస్వామి మాత్రం, "ఆ పిల్లోణ్ణి ఎవరికీ మాటియ్యొద్దని చెప్పు. బిరాన వస్తాండాం," అన్నాడు.

నిజంగానే చెప్పిన వేళకంటే ముందే వచ్చారు. కారు వీధి మొదట్లోనే ఆగింది. గురుస్వామి ఒక్కడే అరటిపళ్ల పళ్లెంతో నడిచి వచ్చాడు. ఆడవాళ్లు కారులోనే ఉన్నారట. అంత ఎండలోనూ కారు అద్దాలు పైదాకా ఎత్తి ఉన్నాయి. వాళ్లను చూసిన తొందరలో నరసింహులు దొడ్డి తడికకు తాడు కట్టడం మరిచిపోయాడు.

అంకాలమ్మ వచ్చినాయనకేసి నవ్వుతూ, పెట్టెలోని నల్ల గొంగడి తెచ్చి, చేతులతో దులిపి అరుగు మీద పరిచింది. ఆమె చూపు గురుస్వామి మీద ఉంది. నరసింహులు చూపు గొంగడి మీద ఉంది. నడుమ రెండు కళ్లలా రెండు బొక్కలు. వాటిలోంచి అరుగు బండలు కనబడుతున్నాయి.

నరసింహులు ఏనాడూ అంత చురుగ్గా కదల్లేదు. ఒక్క అంగలో పోయి ఒక బొక్క మీద కూర్చున్నాడు. గురుస్వామి చేతిలోని పళ్లెం లాక్కుని రెండో బొక్క మీద పెట్టాడు.

"బావకు అరటిపళ్లంటే ప్రాణం మాదిరుండాదే," అన్నాడు గురుస్వామి.

"ఊఁ."

గురుస్వామి మర్యాదకు పళ్లెం అంకాలమ్మ వైపు జరిపాడు. నరసింహులు మళ్లీ బొక్క మీదికి లాక్కున్నాడు. ఆమె కళ్లెర్ర చేసింది. ఆయన చూడనట్టు దొడ్డివైపు తిరిగాడు. తిరిగి చూస్తే తడిక పక్కకు ఒరిగి ఉంది. పెద్ద పొట్టేలు ముందు, మంద వెనక, వరసగా పక్కింటి నాగేశ్వరమ్మ కందిచేను దారి పట్టి ఉన్నాయి.

లేవాలి. లేస్తే బొక్క. లేవకపోతే కందిచేను.

"ఊఁ! ఊఁ!" అన్నాడు నరసింహులు, గడ్డంతో దొడ్డివైపు చూపిస్తూ.

"బావకు అన్నిటికీ సమ్మతమే," అని గురుస్వామి మురిసిపోయాడు.

ప్రకాష్ స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఇంకా గొంగడి మీదికి రాక అరుగు అంచున కూర్చున్న గురుస్వామి లేచి, వాడి కుడివైపుకు పోయి, చెవి దగ్గర నోరు పెట్టి, "బాగుండావా, అల్లుడా?" అని అరిచాడు. ప్రకాష్ అదిరిపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంది మామా, అట్ల అరుస్తావు? నాకు వినపడతాంది."

"కుడి చెవి గదా, వినపడతది. పాపం, ఎడమదే గదా పోయింది?"

"పోయింది నా చెవి గాదు మామా, దీని చెవి!" లోపలికి పోయి హెడ్‌ఫోన్లు తెచ్చి చూపించాడు ప్రకాష్. "అదీ పోలేదు. పొర చిరగలేదు. నిన్నటిదాకా గరగర. ఇప్పుడు గొంగడి పెట్టినాక పాలమీగడ మాదిరుండాది."

ఆ గొంగడి ఏ గొంగడో నరసింహులుకు అప్పటికే తెలుసు. బ్రహ్మం మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు. గురుస్వామి ముఖం ఒక్కసారిగా వాడిపోయింది.

"అయితే రెండు చెవులూ వినపడతాయా?"

"శుభ్రంగా."

"చీమ నడిచినా?"

"చీమ ఏ కాలు ముందేసిందో చెప్తా మామా."

గురుస్వామి గొంగడి మీద కూలబడ్డాడు. అంకాలమ్మకు అర్థం కాలేదు. "వినపడితే తప్పా అన్నా? చెవిటోడు గావాల్నా మీకు?"

"ఉన్నమాట చెప్తాను చెల్లెలా," అన్నాడు గురుస్వామి తలవంచుకుని. "మా నాగవేణి మంచి పిల్ల. చదువుంది, పనీ పాటా వచ్చు. ఒక్క గొంతే... మెల్లగా మాట్లాడటం దానికి తెలియదు. ఉప్పు తెమ్మంటే మూడు వీధుల్లోంచి ఉప్పు తెస్తారు. చూసిపోయినోళ్లంతా చెవులు మూసుకుని పోయినారు. నీ కొడుక్కి ఒక చెవి లేదంటే, మా పాప గొంతు బాధ సగమే గదా పడతాడని సంతోషపడినా."

అప్పుడే వీధి మొదట్లో కారు అద్దం దిగింది.

"నాయనా! గొర్రెలు చేన్లో పడినాయి! ఎవరివవి? హెయ్! తిరగండి వెనక్కి! తిరగండంటే!"

అరుగు మీది పళ్లెం గలగలమంది. చింతచెట్టు మీది కాకులు లేచిపోయాయి. కందిచేనులో మంద మొత్తం ఒక్కసారిగా తల ఎత్తింది. పెద్ద పొట్టేలు నోట్లో ఉన్న కందికొమ్మ జారవిడిచింది. తర్వాత అది తిరిగింది. దాని వెనక మంద తిరిగింది. కుక్క లేదు, కర్ర లేదు, ఈల లేదు. ఒకదాని వెనక ఒకటి దొడ్డిలోకి పోయి, మూలకు ఒదిగి నిలబడ్డాయి.

నరసింహులు జీవితమంతా గొర్రెల్ని పిలిచాడు. పొట్టేలు ఒక్కసారీ మొదటి పిలుపుకు తిరిగి చూడలేదు. ఆయన లేచి నిలబడ్డాడు. మాట ముగియకముందే ఆ గొంగడి మీద నుంచి లేవడం ఆ ఇంట్లో అదే మొదలు.

"ఆ అమ్మాయే మాకు గావాల," అన్నాడు. "సగం గొంతుతో గాదు. అంతా గావాల."

అంకాలమ్మ నోరు తెరిచి చూసింది. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఎవరూ అడక్కుండా అన్ని మాటలు మాట్లాడటం ఆమె వినలేదు. అందులో ఒక్కటీ సంబంధం చెడగొట్టే మాట కాకపోవడం అంతకంటే వింత.

నాగవేణి నడిచి వచ్చింది. సన్నటి పిల్ల. ఆ గొంతు అంత చిన్న మనిషిలో ఎక్కడ దాక్కుందో తెలియదు. అందరూ తననే చూస్తుండటంతో నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ప్రకాష్ ఏం మాట్లాడాలో తెలియక చేతిలోవి ఆమెకు అందించాడు.

"పెట్టుకుని చూడు. గరగర ఉంటే చెప్పు. నిజం చెప్పాల."

ఆమె పెట్టుకుంది. ప్రకాష్ ఫోనులో పాట పెట్టాడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. చెవుల్లో పాట మోగుతున్నప్పుడు ఎంత నెమ్మదైన మనిషైనా గొంతు పెంచి మాట్లాడతాడు. నాగవేణికి పెంచవలసిన పని లేదు. అయినా పెంచింది.

"గరగర లేదు! రెండు పక్కలా సమంగా ఉండాది! చానా బాగుండాది!"

"ఏంది బాగుండేది, పాటా?" అని అడిగాడు ప్రకాష్ సైగ చేస్తూ.

"పాటా బాగుండాది! నువ్వూ బాగుండావు! మా నాయనకు చెప్పు, నాకు ఇష్టమేనని!"

ఆ మాట గురుస్వామితో పాటు ఊరంతా విన్నది. నాగేశ్వరమ్మ కందిచేను సంగతి అడగడానికి కొంగు బిగించి వస్తూ, సగం దారిలో విని, కొంగు విప్పి, పసుపు కుంకుమ తేవడానికి ఇంటికి మళ్లింది. లగ్గం, లాంఛనం, పెట్టుపోతలు అంటూ పూటంతా నడవవలసిన మాటలు బ్రహ్మం నోరు తెరవకముందే అయిపోయాయి. ప్రకాష్ నవ్వు ఆపుకోలేక అరుగు స్తంభం పట్టుకున్నాడు.

"నీకు ఇబ్బంది లేదా అల్లుడా?" అని గురుస్వామి మెల్లగా అడిగాడు. "నీ దగ్గర గొంగడి ముక్కలుండాయి గదా, చెవుల్లో పెట్టుకుంటావా?"

"ఈ గొంతుకు ఏమీ పెట్టకూడదు మామా. తేటగా ఉండాది."

గురుస్వామి కళ్లు తుడుచుకుని, అరటిపండు ఒకటి తీసుకుందామని పళ్లెం ఎత్తాడు. ఎత్తి అట్లే ఉండిపోయాడు. ఒక బొక్క పళ్లెం కింద, ఒక బొక్క నరసింహులు లేచిన చోట. చక్కగా, గుండ్రంగా, ఒకే కొలతలో ఉన్నాయి. అంకాలమ్మ గుండె మీద చేయి వేసుకుంది. ప్రకాష్ నేల చూశాడు.

"పెళ్లిమాటల గొంగడికి ఇవేంది బావా?" అన్నాడు గురుస్వామి. "పిల్లకొకటి, పిల్లోడికొకటా? మీ పక్క ఆచారమా?"

నరసింహులు భార్య వైపు చూశాడు. పొద్దున ఆమె చెప్పిన మాట గుర్తుకు వచ్చింది.

"ఊఁ," అన్నాడు.

ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరింట పెళ్లిమాటలు జరిగినా, ముందు గొంగడికి రెండు బొక్కలు కోసి మరీ పరుస్తున్నారు.