నెమ్మది సర్వర్ మహిమ

వెబ్‌సైటు చటుక్కున తెరుచుకోవడమంత అనర్థం లోకంలో మరొకటి లేదు. నమ్మకం కుదరకపోతే రావులపాలెం వెళ్ళి త్రిమూర్తులు గారిని అడగండి!

ఆయన పెళ్ళి వంటల కాంట్రాక్టరు. ముప్ఫై ఏళ్ళుగా కోనసీమలో ఆయన గాడిపొయ్యి తవ్వించని వీధి లేదు. ఈమధ్య పెళ్ళివారు నెట్‌లో చూసి మరీ వంటవాళ్ళను కుదుర్చుకుంటున్నారని విని, తనకూ ఒక సైటు ఉండాలనుకున్నారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అన్నగారి కూతురు ఉమాశ్రీ తయారు చేసిపెట్టింది.

ఎవరి సర్వర్లోనో తలదాచుకోవడం ఆయనకు నచ్చలేదు. "సొంత గుండిగలు లేకుండా వంటకెళ్తామేంటమ్మా" అని సొంత సర్వర్ కొనిపించి, హైదరాబాదులోనే ఒక డేటా సెంటర్లో పెట్టించారు. పెట్టె మనది. చోటు, కరెంటు, నెట్ లైను వాళ్ళవి. నెలకు ఇంత డేటా అని లిమిట్. అది దాటితే మళ్ళీ ఒకటో తారీకు దాకా స్పీడు పీక నొక్కేస్తారు.

దాటకుండా ఎలా ఉంటుంది? సైటులో వంటకాల ఫోటోలు పన్నెండు. బంధువుల ఫోటోలు రెండు వందల నలభై! శుభలేఖలో ఒక్క పేరు వదిలేస్తే ఎన్నేళ్ళు మాటలుండవో ఎరిగిన మనిషి కనక, ఆయన ఎవరినీ వదల్లేదు.

"బాబాయ్, ఫోటోల సైజు కాస్త తగ్గిద్దాం" అంది ఉమాశ్రీ.

"పల్లంరాజు బావగారిని కుదిస్తే మళ్ళీ మన గుమ్మం తొక్కుతారేంటమ్మా?"

"మా తమ్ముడి ఫోటో అసలు ముట్టుకోకమ్మా" అన్నారు పక్కనుంచి ఆయన భార్య రామలక్ష్మి గారు.

అలా ప్రతి నెలా ఆరో తారీకుకల్లా సైటు నత్తనడక పట్టింది. దానివల్ల జరిగిన మేలు ఇంతా అంతానా! ఒక పెద్దమనిషి సైటు నొక్కి, పెనుగొండ వెళ్ళి అమ్మవారి దర్శనం చేసుకుని తిరిగొచ్చేసరికి పనసపొట్టు కూర సగందాకా వచ్చింది. మిగతా సగం కోసం ఎదురుచూస్తూ ఆయన ఎన్నాళ్ళనుంచో వాయిదా వేస్తున్న గడ్డం గీసుకున్నాడు. మరొక ఇంట్లో దప్పళం ఫోటో దిగేలోపు అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. హైస్పీడు ఏ కాపురాన్నైనా ఇలా నిలబెట్టిందా? త్రిమూర్తులు గారు కూడా, ఆలస్యమైతే ఆకలి పెరుగుతుందనీ అది వంటవాడికి మంచిదేననీ సరిపెట్టుకున్నారు.

ఇంతలో అమలాపురం మణిశంకర్ గారింట్లో పెళ్ళి కుదిరింది. ఐదు వేల మందికి భోజనాలు. ఆ ఆర్డరు దొరికితే నలభై మంది వంటవాళ్ళకు మాఘమాసమంతా పని. లేకపోతే అందరూ ఇంటిపట్టునే. సైటు చూసి ఏ సంగతీ చెబుతామన్నారు. తొమ్మిదో తారీకున ఫోను రానే వచ్చింది.

"మగపెళ్ళివారిని కూర్చోబెట్టుకుని పొద్దున్నుంచీ చూశామండి. ఎవరో పెద్దాయన తలపాగా దాకా వచ్చి ఆగిపోయింది. వంటలు కనపడలేదండి. వాళ్ళు తొందరపడుతుంటే వేరేవాళ్ళకి చెప్పేశాం. ఏమీ అనుకోకండి."

త్రిమూర్తులు గారికి కోపం వచ్చింది. డేటా సెంటర్‌ను నాలుగు దులిపి పారేద్దామని ఉమాశ్రీకి ఫోను చేశారు.

"మన స్పీడంతా ఎవరమ్మా తినేస్తున్నారు?"

ఆమె లెక్కలు తీసి చూసింది. "మనవాళ్ళే బాబాయ్. బంధువుల ఫోటోలు తప్ప ఇంకోటి తెరవలేదు. ఎవరి ఫోటో వాళ్ళే చూసుకుంటున్నారు. పల్లంరాజు గారి ఫోటో అయితే ఒకటో తారీకు ఒక్కరోజే డెబ్భై సార్లు చూశారు."

"బయటివాళ్ళో?"

"ఈ నెల ఒక్కరే వచ్చారు. అమలాపురం నుంచి."

త్రిమూర్తులు గారంటే, అతిథులు తిని చేతులు కడుక్కునేదాకా ఇంటివాళ్ళకు విస్తరి వెయ్యనివ్వని మనిషి. పెళ్ళికొడుకు మేనమామ తొలి బంతిలో కూర్చోబోతే, రెక్క పట్టుకుని లేపిన మనిషి. ఆయనకు సిగ్గేసింది. డేటా సెంటర్ మీద కోపం ఎటు పోయిందో పోయింది.

"ఉమా, ముందు నా ఫోటో తీసెయ్యి. తర్వాత మీ పిన్ని తమ్ముడిది. వరసగా అందర్నీ లేపెయ్యమ్మా. మనం కడుపునిండా తిని, వచ్చిన ఒక్కడినీ పస్తు పెట్టి పంపించాం."