మూడడుగుల అమ్మ గది

బుధవారం ఉదయం యతిరాజులు వేసుకున్న పథకంలో మూడే మెట్లున్నాయి. ఎనిమిదిన్నరకు మైలాపూరు ఆఫీసు చేరడం, మూడు ప్లాన్లు ప్రింటు తీయడం, పన్నెండుకు రాహుకాలం మొదలయ్యేలోపు సౌకార్‌పేటలో సంతకాలు పెట్టించుకోవడం. ఇరవై ఆరేళ్లుగా జయరామ్ ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తున్న మనిషికి ఇది దోసె తిరగేసినంత పని.

కాకపోతే ఆ సంతకాలు జారిపోతే అతడి కుర్చీ కూడా జారిపోతుంది. జయరామ్ నిన్ననే తేల్చి చెప్పాడు: "ఈ పని ముగిస్తివా, నువ్వు ఈడనే. లేదంటే వచ్చే నెల నుంచి డ్రాయింగులన్నీ బయటికి ఇచ్చేస్తా. అంతే."

కట్టబోయే ఇల్లు కమలాంబది. చూలైలో ఆమె పేరున ఉన్న స్థలంలో, స్టీలు పాత్రల హోల్‌సేలు నడిపే ముగ్గురు కొడుకులకు తలా ఒక అంతస్తు. కింద కార్లు. ఆమె షరతు ఒక్కటే. మూడు అంతస్తుల మధ్య ఇటుక తేడా ఉండకూడదు. ఏడాదిలో నాలుగేసి నెలలు ఒక్కో కొడుకు దగ్గర ఉంటుంది కనుక, ప్రతి అంతస్తులోనూ పన్నెండడుగులకు పదడుగుల అమ్మ గది.

ఫైళ్లు సిద్ధం చేసింది అతడి సహోద్యోగి సరణ్య. బంధువుల పెళ్లికి కాంచీపురం వెళ్తూ, "ప్రింటు మాత్రం తీయండి సార్. వేరే ఏదీ ముట్టొద్దు," అని మరీ చెప్పింది. యతిరాజులుకు ఆ మాట గుచ్చుకుంది. తను డ్రాయింగు బల్ల ముందు పెన్సిళ్లు అరగదీసే నాటికి ఆమె పుట్టనైనా లేదు.

ఎనిమిది నలభైకి ఫోను మోగింది. పెద్ద కొడుకు వెంకట్రామ్.

"యతిరాజులన్నా, గుట్టుగా ఒక మాట. ఆవకాయ జాడీలకే ఒక గది గావాలని మా ఇంట్లో ఒకటే గోల. అమ్మ గదిలో మూడడుగులు తీసి స్టోరు పెట్టు. మా అంతస్తులో మాత్రమే. తమ్ముళ్లకి తెలిసిందో, నేను అయిపోతి."

"మరి అమ్మగారికి?"

"అమ్మకి చత్వారం లేప్పా!"

కాదంటే సంతకం పోతుంది. యతిరాజులు మొదటి అంతస్తు ఫైలు తెరిచి, ప్లాను మీద రెండుసార్లు నొక్కాడు. తెరమీద ఒక పెట్టె వచ్చి ఏదో అడిగింది. పీటలమీద పెళ్లికొడుకు పురోహితుడికి తలూపినట్టు, దానికి సరే కొట్టాడు. గోడ జరిపి, సేవ్ చేశాడు.

తొమ్మిదింటికి రెండో కొడుకు మోహన్‌రాజ్.

"అన్నా, డాక్టరు దినామూ నడవమన్నాడు. వీధిలో నడిస్తే కుక్కలు గూడా నడస్తాండాయి. ట్రెడ్‌మిల్లుకి మూడడుగులు చూడు. అమ్మ గదిలోంచే. అమ్మ యెట్లాగూ హాల్లో టీవీ ముందరే గదా ఉంటాది! అన్నకి చెప్పమాక."

రెండో అంతస్తు తెరిచిన యతిరాజులు ఉలిక్కిపడ్డాడు. అమ్మ గదిని ఆనుకుని ఆవకాయ స్టోరు అప్పటికే ఉంది! ఒక్క క్షణం ఆలోచించి, నవ్వుకున్నాడు. ఈయన ముందే సరణ్యను పట్టుకున్నాడన్నమాట. స్టోరు చాలక ఇప్పుడు ట్రెడ్‌మిల్లు! అమ్మ గదిలో ఇంకో మూడడుగులు కోశాడు.

తొమ్మిదిన్నరకు చిన్నకొడుకు చంద్రు.

"అన్నా, అమ్మ గదిలోంచి నాకొక చిన్న రూము. లోపల్నించి గొళ్లెం. ధ్యానానికి."

"మంచి ఆలోచన బాబూ."

"అందులో ఒక సింకు. గ్లాసులు కడిగేదానికి."

"ధ్యానానికి గ్లాసులా?"

"తీర్థానికన్నా!"

మూడో అంతస్తులో స్టోరూ ఉంది, ట్రెడ్‌మిల్లూ ఉంది. యతిరాజులు ముక్కున వేలేసుకున్నాడు. ఒకే కడుపున పుట్టడమంటే ఇదే కాబోలు. ఆశ కూడా ముగ్గురికీ ఒకే కొలత! మిగిలిన ఆరడుగుల్లో మూడు కోసి చంద్రుకు ధ్యానం ప్రసాదించాడు.

పదింటికి మూడు ప్రింట్లూ బల్లమీద పక్కపక్కన పరిచాడు. ప్రతి అంతస్తులోనూ స్టోరు, ట్రెడ్‌మిల్లు, సింకు. ప్రతి అంతస్తులోనూ మూడడుగుల అమ్మ గది.

సరణ్యకు ఫోను చేశాడు. వెనకాల నాదస్వరం.

"అయ్యయ్యో సార్! ప్లాను ఒక్కటే. దాన్నే మూడు ఫైళ్లలోనూ అటాచ్ చేసిపెట్టినా. ఎక్స్‌రెఫ్ సార్ అది. ఏ అంతస్తులో దిద్దినా ఆ ఒక్క ప్లానే మారుతుంది, మూడు చోట్లా కనబడుతుంది. ఇటుక తేడా వద్దని ఆ అమ్మే అన్నారు గదా!"

"ఇప్పుడేం జేసేది?"

"బ్యాకప్పు ఉండాది సార్. ముందు ఆ ప్లాను పేరు..."

సరిగ్గా అప్పుడే కాంచీపురంలో మూడు ముళ్లు పడ్డాయి. గట్టిమేళంలో మిగతా మాట కొట్టుకుపోయింది, ఫోను తెగిపోయింది.

యతిరాజులు దొరికిన సగం మాటనే పట్టుకున్నాడు. ప్లాను ఫైలుకు పేరు మార్చేశాడు. మొదటి అంతస్తు తెరిచి చూస్తే ఇల్లు లేదు! రెండో దానిలోనూ లేదు, మూడో దానిలోనూ లేదు. గోడలు, తలుపులు, సింకులు అన్నీ మాయం. ఖాళీ తెర మధ్యలో, పాత పేరుతో దొరకని ఫైలు చిరునామా ఒక్కటి చీమల బారులా ఉంది. అతడు కళ్లద్దాలు తుడుచుకుని అది చదవబోతుండగా జయరామ్ ఊడిపడ్డాడు.

"ప్రింట్లు రెడీనా? సూపర్! ఆటో కింద నిలబడుండాది."

"సార్, ఒక చిన్న సంగతి..."

"పెద్దదైనా సరే, సంతకాలు అయినంక," అంటూ జయరామ్ మూడు ప్రింట్లూ చుట్టి చంకన పెట్టుకున్నాడు.

సౌకార్‌పేటలో కొడుకుల కొట్టు మీది గదిలో కమలాంబ, ముగ్గురు కొడుకులు చాపమీద కూర్చుని ఉన్నారు. ప్రింట్లు పరిచారు. వెంకట్రామ్ తన కాగితంలో స్టోరు చూసి మురిశాడు. మోహన్‌రాజ్ ట్రెడ్‌మిల్లు చూసి మురిశాడు. చంద్రు సింకు చూసి భక్తిగా కళ్లు మూసుకున్నాడు. తరవాత ముగ్గురూ ఒకేసారి పక్కవాడి కాగితంలోకి తొంగిచూశారు. మూడు నవ్వులూ ఒకేసారి ఆరిపోయాయి. అడిగితే, తాము అడిగింది బయటపడుతుంది. ముగ్గురూ మళ్లీ ఎవరి కాగితంలోకి వాళ్లు చూపు తిప్పుకున్నారు.

కమలాంబ కొంగులోంచి భూతద్దం తీసింది. కాగితాల మీదికి వంగి యతిరాజులును అడిగింది.

"ఏమయ్యా, ఈ సింకులేంది?"

"ధ్యానానికమ్మా."

"ముగ్గురికీనా! సరి. ఈడ గోడల మధ్య ఈ సందేంది? గాలికా?"

యతిరాజులు ఆ సందు మీద వేలు పెట్టాడు. "అది... మీ గదమ్మా."

కమలాంబ ఒక్కొక్క కొడుకునే చూసింది. ముగ్గురూ ఫ్యానును చూశారు.

"ఇటుక తేడా లేదు," అంది చివరికి. "నేను అడిగిందే చేసినారు. పెట్టండి సంతకాలు."

పదకొండు యాభై రెండుకు ముగ్గురూ పెట్టేశారు. అప్పుడు కమలాంబ కాగితాలు తన ఒళ్లోకి లాక్కుంది.

"ఇంగ నా సంగతి. స్థలం నా పేర్న ఉండాది. కింద అంతస్తు అంతా నాకు. హాలు, వంటిల్లు, రెండు గదులు. యతిరాజులూ, అది నువ్వే గీయాల."

"అమ్మా, కార్లు?" అన్నాడు వెంకట్రామ్.

"వీధిలో."

"మరి మా ఇళ్లల్లో నీ గది?"

"ఆడ చీపుర్లు పెట్టుకోండిరా. సరిగ్గా సరిపోతాది."

తిరుగు ఆటోలో జయరామ్ యతిరాజులు భుజం చరిచాడు. "ఒక ప్లానుకి పోయి రెండు ప్లాన్లు దెస్తివే! నిన్ను నేనెందుకు వదుల్తా?"

గురువారం ఉదయం ముగ్గురు కొడుకులూ విడివిడిగా, గుట్టుగా ఫోను చేశారు. అమ్మ హాల్లో ఒక మూలన, తన కారుకు మాత్రం చోటు చూడమన్నారు. ముగ్గురికీ అలాగేనన్న యతిరాజులు, కమలాంబ ఇంటిని కొత్త ఫైలులో గీసి, దాన్ని దేనికీ అటాచ్ చేయలేదు.