అతుకు సంగతి

ఆ రోజు ఉదయానికి కోడలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటి బస్సెక్కాలి, తొమ్మిదింటికి బాయిలర్ రిపోర్టు మేనేజరు చేతిలో పెట్టాలి, ఆయన మండిపడుతుంటే ఊరికే నిలబడాలి. మూడోదే కాస్త కష్టం.

ఇనప రేకుల్ని కలిపిన అతుకుల్లో కంటికి కనిపించని లోపాలు పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. అతుకు మీద జెల్లు రాసి, అగ్గిపెట్టెంత పరికరం ఆనించి, లోపలికి శబ్దం పంపుతుంది. అది దేనికి తగిలి వెనక్కి వచ్చిందో తెర మీద చూసి చెబుతుంది. పన్నెండేళ్ళుగా ఆవిడ చెప్పింది ఒక్కటీ తప్పు పోలేదు. చీఫ్ టెస్టర్ కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉంది. దాన్ని "మాట వినే మనిషికి" ఇస్తానని మేనేజరు అన్నాడు. మాట వినడమంటే, కొత్త బాయిలర్ అతుకులో నిన్న దొరికిన వేలెడంత పగులును మర్చిపోయి సంతకం పెట్టడం. ఆవిడకు ఆ కుర్చీ కావాలి. చాలా కావాలి. సంతకం మాత్రం పెట్టదు.

ఇంట్లో ఈ సంగతులేవీ ఎవరికీ తెలియవు. కోడలు ఆఫీసులో ఏవో కాగితాలు చూస్తుందని అత్తగారి నమ్మకం. ఆవిడ అడగలేదు, కోడలు ఒకటి రెండుసార్లు చెప్పబోతే వినలేదు.

ఏడుంపావుకి వంటింట్లో ఫోన్ మోగింది. అవతల మేనేజరు. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న అత్తగారికి కోడలి మాటలు మాత్రమే వినిపించాయి.

"పైకి బాగానే కనిపిస్తుందండీ, పగులంతా లోపలే... ఇంత చెత్త అతుకు పన్నెండేళ్ళలో చూళ్ళేదు... సర్దుకుపోవడం నా వల్ల కాదు. పైపైన పూత పూస్తే రేపు ఒక్కసారే పేలుతుంది, ప్రాణాలు పోతాయి... విడదీయాల్సిందే. కాగితం ఇవాళే ఇస్తున్నాను."

కోడలు కాపురానికొచ్చి కూడా సరిగ్గా పన్నెండేళ్ళే. అత్తగారి చేతిలోంచి దుప్పటి జారిపోయింది.

కోడలు అటు బస్సెక్కగానే, అత్తగారు ఇటు కళ్ళజోళ్ళ దుకాణంలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది. "ఒరే, నువ్వేం చేశావురా?"

"నేనేం చేశానమ్మా?"

"అది నువ్వు చెప్పాలి. విడదీయాల్సిందేనట. కాగితం ఇవాళే ఇస్తుందట!"

తర్వాత తన అన్నగారికి ఫోన్ చేసి, విన్న మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆయన రిటైరైన కోర్టు గుమాస్తా. చుట్టాల్లో ఏ తగువైనా తీర్చకుండా నిద్రపోడు కాబట్టి అందరూ రాజీ మామయ్య అంటారు. రాజీలో ఆయనది ఒకటే సూత్రం: గోడలకి చెవులుంటాయి, కాబట్టి మనుషుల పేరెత్తకూడదు. కోడలికి ఆవిడ పై అధికారి చేతే చెప్పిద్దామని, కోటు తొడుక్కుని, తోలుసంచీ పట్టుకుని తిన్నగా ఆవిడ పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాడు.

"అతుకు విషయం మాట్లాడాలి. ఇక్కడి పెద్దాయన్ని పిలు," అన్నాడు కాపలావాడితో.

కోటు, సంచీ, అతుకు. మేనేజరుకి ముచ్చెమటలు పోశాయి. బాయిలర్ కొన్నవాళ్ళు చెప్పాపెట్టకుండా తనిఖీకి మనిషిని పంపారనుకున్నాడు. గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు.

"మీకెవరు చెప్పారు సార్?"

"ఇలాంటివి దాగుతాయా? తల్లే పంపింది."

తల్లి అంటే కొన్నవాళ్ళ మాతృసంస్థ కాబోలనుకుని మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

"పగులు ఎప్పట్నించి?"

"నిన్ననే బయటపడింది సార్. వేడి ఎక్కువైంది."

"రెండు వైపులా?"

"ఒక్కవైపే సార్."

"అనుకున్నా. మావాడు వట్టి చన్నీళ్ళు," అన్నాడు మామయ్య. "ఇప్పుడు మీరేమంటారు?"

"పూత పూసి పంపించేద్దామన్నది నేనే సార్. బుద్ధి గడ్డితింది."

మూడోమనిషి ఇంత లోతుగా దిగడమేమిటని మామయ్యకి ఒళ్ళు మండింది. "పైపైన అతికిస్తే నిలుస్తుందా అయ్యా? లోపలున్న చెత్తంతా తీసేసి, మళ్ళీ మొదట్నించీ కలపాలి. ఆవిడ సరే అంటేనే సరి. ఆవిడ మాటే ఆఖరు!"

మేనేజరు పక్కగదిలోకి పరిగెత్తి కొన్న కంపెనీవాళ్ళకి ఫోన్ చేశాడు. మీ మనిషి చెప్పినట్టే అతుకు కోసి మళ్ళీ వేసి, పగులు పట్టుకున్న మా టెస్టరు సరేనన్నాకే పంపుతామన్నాడు. మనిషినెవర్నీ పంపని ఆ కంపెనీ పెద్ద రెండు క్షణాలు ఆలోచించి, ఇకమీదట ఆవిడ సంతకం లేనిదే మేకు కూడా తీసుకునేది లేదన్నాడు. మేనేజరు అక్కడే ఆవిణ్ణి చీఫ్ టెస్టర్ చేస్తూ ఉత్తర్వు రాసి, సంతకం చేసి, అదే చేత్తో ఒక ప్రతి కొన్నవాళ్ళకీ పంపేశాడు.

రిపోర్టు పట్టుకుని లోపలికొచ్చిన ఆవిడ తలుపు దగ్గరే ఆగిపోయింది. "మామయ్యగారూ, మీరేంటి ఇక్కడ?"

"మామయ్యగారా?" అన్నాడు పక్కగదిలోంచి వచ్చిన మేనేజరు.

అంతలో ఆయాసపడుతూ భర్త దిగాడు. చేతిలో కళ్ళు పరీక్షించే చీటీ, దాని వెనక వరసగా రాసుకున్న తన తప్పులు. "విడదీయొద్దు! అన్నీ ఒప్పేసుకుంటాను. నాలుగోది ముందే చెప్పేస్తా. నీ ఉద్యోగమేంటని అడిగినవాళ్ళందరికీ టైపింగని చెప్పాను. అసలుది నాకూ సరిగ్గా తెలీదు."

మిగతా మూడూ ఆవిడ వినలేదు. పన్నెండేళ్ళుగా టైపింగ్. మేనేజరు బెదిరింపుకి చలించని మనిషికి ఆ మాటకి ఏడుపొచ్చింది. ఏడవకుండా భర్త చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కెళ్ళింది. బాయిలర్ మీద జెల్లు రాసి, పరికరం ఆనించి, తెర మీద లేచిన గీతను చూపించింది. "విడదీసేది దీన్ని. అర్థమైందా?"

ఆయన తెర దగ్గరికి వంగి ఆ గీతను చూశాడు. "ఇంత చిన్నదాన్ని నువ్వు పట్టుకున్నావా?" అన్నాడు. ఆ గొంతులో గౌరవం ఆవిడకు కొత్త.

సాయంత్రానికి అత్తగారికి కూడా కోడలి ఉద్యోగమేమిటో తెలిసింది. ఆవిడ సంతోషం పట్టలేక వీధిలో ఇంటింటికీ వెళ్ళి, పగుళ్ళ విషయంలో మా కోడల్ని మించినవాళ్ళు లేరు, దానికోసం పై ఉద్యోగమే ఇచ్చారు, ఏదో జెల్లు కూడా రాస్తుందట అని చెప్పి వచ్చింది.

మర్నాడు ఆరింటికి కొత్త చీఫ్ టెస్టర్ తలుపు తీసేసరికి, మెట్ల మీద వరసగా కూర్చున్న ఏడుగురు ఆడవాళ్ళు చెప్పులు విడిచి మడమలు చూపించారు.