శెట్టికి వాసన తెలిసిన రోజు

ఆ ఉదయం అంగడి తెరిచేసరికి సోమశేఖర్ శెట్టి చేతిలో ఉన్నవి రెండే: పెట్టుబడంతా ఇరుక్కున్న పాత వేరుశనగ నూనె డబ్బాలు, ఉరవకొండ బజారంతా భయపడే ఒక ముక్కు. ఆ ముక్కు పనిచేయక ఏళ్లయిందని భార్య సుశీలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

లోపల కండలు పెరిగి వాసన పోయింది. కోయిస్తే మళ్లీ పెరిగాయి. వ్యాపారానికి మాత్రం లోటు రాలేదు. ఎవరు నూనె తెచ్చినా డబ్బా మీదికి వంగి, మొహం చిట్లించి ఊరుకునేవాడు. అమ్మేవాడే కంగారుపడి ధర దించేవాడు.

చివరికి అనంతపురం డాక్టరు వింత బేరం పెట్టాడు. ఆస్పిరిన్ మింగితే ఆయాసం వచ్చే శెట్టికి, ఆ కండలు అణగడానికి ఆస్పిరినే మందన్నాడు. ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండి, కొద్దికొద్దిగా మోతాదు పెంచి, ఒంటికి అలవాటు చేశాడు. రోజూ మానకుండా వేసుకోమని పంపాడు. పగవాడితో పొత్తు శెట్టికి నచ్చింది గానీ, వాసన ఇంకా రాలేదు.

ఆ పూట గానుగ ఆడించే ఓబన్న తెచ్చిన నూనెను చౌకగా కొట్టేయాలని ఆయన ఆలోచన. ఓబన్న మూత తీశాడు. శెట్టి వంగాడు. కమ్మని వాసన గుప్పుమంది.

"ఆహా! ఏం నూనెప్పా ఓబన్నా!"

ఓబన్న బిత్తరపోయి, వెంటనే తేరుకున్నాడు. "అయితే డబ్బాకు వంద ఎక్కువ."

"ఇస్తా పో. ఇంగోసారి మూత తియ్యి."

ఎదురంగడి నూనె వ్యాపారి రాజేంద్ర టీ గ్లాసు పక్కన పెట్టి చెవులు రిక్కించాడు. డబ్బులివ్వకముందే సరుకును పొగిడే శెట్టిని అతను ఎన్నడూ చూడలేదు. నూనె రేటు లేవబోతున్నట్టు శెట్టికి కబురందిందనుకున్నాడు.

శెట్టి అదే ఊపులో లోపలికెళ్లి తన పాత డబ్బా తెరిచాడు. ముక్కిపోయిన నూనె కమటు కంపు కొట్టింది. ఇంకోటి తెరిచాడు, అదీ అంతే. గబగబా మూతలు బిగించి షట్టరు సగం దించాడు. సరుకు దాస్తున్నాడనుకుని రాజేంద్ర పరుగున వచ్చాడు.

"అన్నా, నీ పాత నూనె నాకియ్యి."

"వద్దప్పా, చెడిపోయిండాది."

"ఓబన్నది తప్ప నువ్వు ఎవరి నూనె బాగుండాదన్నావులే! డబ్బాకు యాభై ఎక్కువిస్తా."

"మీ వదిన మీద ఒట్టు, సబ్బులకు తప్ప పనికిరాదు."

"ఒట్టేసి మరీ దాస్తాండావా? నూరు!"

"నువ్వే వాసన చూడరాదా!"

"నీ ముక్కు ముందర నాదెంత అన్నా? రెండు నూర్లు!"

లోపలినుంచి సుశీలమ్మ అరిచింది. "నిజమే నాయనా, దీపంలో పోస్తే ఇల్లంతా కంపు!"

"వదినకు గూడా నేర్పినావే! మూడు నూర్లు, ఇంగ మాట్లాడొద్దు."

మధ్యాహ్నానికి డబ్బాలన్నీ వీధి దాటాయి. మర్నాడు రాజేంద్ర మూతలు తీసి, కంపు తెలిసి, సబ్బులవాళ్ల కోసం తిరిగి తిరిగి, సగం ధరకు వదిలించుకుని, శెట్టి అంగడి ముందు నిలబడ్డాడు.

"నిజం చెప్పి మోసం చేస్తావా అన్నా? ఇది న్యాయమేనా?"

ఆ మాట బజారంతా పాకింది. బాగుంటే బాగుందని, చెడితే చెడిందని శెట్టి నోటితోనే నిజం చెబుతాడని తెలిశాక, ఆయన ఊరికే మొహం చిట్లిస్తే ధర దించేవాడే లేకపోయాడు. ఆయన లెక్క చూసుకున్నాడు. వచ్చినవి పెట్టుబడి, లాభం, వాసన. పోయిందల్లా అబద్ధాలకోరన్న మంచి పేరు.