టైలరు గారి రెండో సూది

ఆ పొద్దున టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారింటికి వెళ్లాలి, బావమరిదికి కడుపునిండా తినిపించాలి, బోలెడన్ని నీళ్లు తాగించాలి, మధ్యాహ్నం అయ్యేసరికి ఎలాగోలా కాలేజీకి రప్పించాలి. అంతే. ఇంత చిన్న పథకంలో ఊరంతా ఏడ్చే అవకాశం ఉందని ఆయనకెలా తెలుస్తుంది పాపం!

నిజానికి ఆయన ఇప్పుడు టైలరు కాడు. అందరూ రెడీమేడ్ బట్టలకి అలవాటుపడి కొట్టు మూతపడ్డాక, సగం జుట్టు నెరిసిన వయసులో కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాడు. చేరినప్పుడు ఆయన ధీమా అంతా ఇంతా కాదు. "పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ సూది పట్టుకున్నవాణ్ణి. వాళ్ల సూది నన్నేం చేస్తుంది?" అన్నాడు. అదే కొంప ముంచింది. ఆయన చేతికి తెలిసిన సూది ఇటు దిగితే అటు తేలాలి. గుడ్డలో అయితే దాన్ని కుట్టు అంటారు. మనిషి నరంలో అలా అటు తేలితే ట్యూబులోకి రక్తం చుక్క కూడా రాదు, చెయ్యి మాత్రం వంకాయ రంగుకి తిరుగుతుంది.

ప్రాక్టీసుకిచ్చిన రబ్బరు చెయ్యి నోరెత్తదు కాబట్టి దాని మీద ఎలాగో నెట్టుకొచ్చాడు. మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ మళ్లీ మొదటికే. పాఠం చెప్పే మేడమ్ పక్కనే నిలబడి "నరంలోకి వెళ్లగానే ఆపండి, ఆపండి!" అని మొత్తుకునేది. బుర్రకి వినిపించేది గానీ చేతికి వినిపించేది కాదు. ఆఖరి ప్రాక్టికల్ ఒకసారి పోయింది. ఇవాళ కూడా పోతే కోర్సులోంచి పంపించేస్తారు. ఇంటికి తిరిగొచ్చి పాత పని చేద్దామంటే కొట్టు లేదు, కుట్టుమిషను లేదు. ఆయనకి అన్నం సయించక వారమైంది.

పరీక్షకి ఎవరి మనిషిని వాళ్లే తెచ్చుకోవాలని కాలేజీ నియమం. భార్యని అడిగే మొహం లేదు. ఆవిడ రెండు మోచేతుల దగ్గరా మొన్నటి ప్రాక్టీసు తాలూకు మచ్చలు ఇంకా అలాగే ఉన్నాయి. "ఇక మా వాళ్లెవరి చెయ్యీ ముట్టుకోకండి. ముట్టుకున్నారో, నేను మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతా" అని చెప్పేసింది. వాళ్లమ్మ ఇల్లు రెండు వీధుల అవతలే అయినా బెదిరింపు బెదిరింపే. కాబట్టి బావమరిదిని పట్టుకోవాలి, అదీ గుట్టుగా.

బావమరిది ఇల్లు మారేవాళ్ల బీరువాలు, మంచాలు మోసే వ్యాను మీద పనిచేస్తాడు. ఎద్దులాంటి మనిషి. చేతి మీద నరాలు మోకుల్లా తేలి ఉంటాయి. ఆ చేతిని టైలరు చూసినంత ప్రేమగా పెళ్లాన్ని కూడా ఎప్పుడూ చూసి ఉండడు.

"ఏంటి బావా, దారి తప్పి వచ్చావా? చేతిలో ఆ పళ్లరసం ఏంటి? నాకే?" అన్నాడు బావమరిది తలుపు తీస్తూ.

"నీకేరా. తాగు. తాగాక ఈ నీళ్లు కూడా తాగు."

నీళ్లు బాగా తాగితే నరాలు ఉబ్బి సులువుగా దొరుకుతాయి మరి. బావమరిది తాగుతుంటే టైలరు ఆ మోచేతి మడత దగ్గర వేలితో మెల్లిగా నొక్కి చూశాడు. "ఒరేయ్, నీకెప్పుడైనా కామెర్లు వచ్చాయా?"

"లేదే."

"ఆపరేషన్లు? రోజూ వేసుకునే మందులు?"

"బీరువాలు మోసేవాణ్ణి బావా. ఆస్పత్రి గుమ్మం ఎక్కలేదు ఇంతవరకూ."

"బంగారు తండ్రీ!" అన్నాడు టైలరు మనస్ఫూర్తిగా. "మధ్యాహ్నం మా కాలేజీకి రారా. చిన్న పని. అదేంటో అక్కడే చెప్తా. మీ అక్కకి చెప్పకు. మీ అమ్మకి అసలే చెప్పకు. నువ్వు గనక కాదన్నావంటే నా పని అయిపోయినట్టే."

ఆ ఆఖరి మాట అంటుంటే ఆయన గొంతు నిజంగానే వణికింది. ఆ వణుకు బావమరిది గుండెలో గుచ్చుకుంది. బావ వెళ్లగానే అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, బావ ఒంట్లో ఎలా ఉంది?"

"ఏం చెప్పను తమ్ముడూ! తిండి లేదు, నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి. ఏంటండీ అంటే, ఇవాళ్టితో తేలిపోతుందంటారు. నువ్వెందుకు అడుగుతున్నావు?"

"ఊరికే" అని పెట్టేశాడు. కానీ ఊరికే ఉండలేక వ్యాను డ్రైవరుకి మొత్తం చెప్పేశాడు. ఆ డ్రైవరు లోకంలో తనకి తెలియని విషయం లేదనుకునే రకం. పైగా ఎప్పుడో ఆస్పత్రికి మంచాలు దింపి వచ్చాడు కాబట్టి వైద్యంలో ఆయన మాటకి తిరుగులేదు.

"నీళ్లు తాగమన్నాడా?" అన్నాడు డ్రైవరు.

"లీటర్లకి లీటర్లు."

"కామెర్ల గురించి అడిగాడా? ఆపరేషన్లయ్యాయా అన్నాడా? ఇంట్లోవాళ్లకి చెప్పొద్దన్నాడా?" డ్రైవరు వ్యాను పక్కకి తీసి ఆపేశాడు. "ఇంకేముంది, కిడ్నీ. మీ బావకి నీ కిడ్నీ కావాలి."

బావమరిది మొహం పాలిపోయింది. "మరి కాలేజీకి రమ్మన్నాడేంటి?"

"నేర్చుకునేవాళ్ల చేత తీయిస్తారేమో" అని డ్రైవరు ధైర్యం చెప్పాడు.

బావమరిదికి అక్క ఏడుస్తున్నట్టు కళ్లముందు కనిపించింది. చివరికి "సరే, నాకు రెండున్నాయి కదా" అన్నాడు. ఇంటికెళ్లి సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, పళ్లు తోముకునే బ్రష్షు సర్దుకున్నాడు. తలగడ పట్టకపోతే చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, "అమ్మా, నావల్ల ఎప్పుడైనా నీ మనసు కష్టపడి ఉంటే ఏమనుకోకు" అన్నాడు.

తిన్న కంచం కూడా తీయని కొడుకు అలా మాట్లాడితే ఏ తల్లి ఊరుకుంటుంది? కానీ ఆవిడ తేరుకుని చెప్పులు వేసుకునేలోపు వాడు వీధి మలుపు తిరిగిపోయాడు. ఆవిడ వ్యాను డ్రైవరుకి ఫోన్ చేసింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చిన డ్రైవరు, మొత్తం చెప్పి, చివర్లో "నేను చెప్పానని చెప్పకండి" అన్నాడు. ఆవిడ కూతురికి ఫోన్ చేసింది. కూతురికి మొగుడు తిండి మానేయడం, చేతులు వణకడం అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. ఇద్దరూ టాక్సీ ఎక్కి దారంతా ఒకళ్లని పట్టుకుని ఒకళ్లు ఏడ్చారు.

కాలేజీలో ప్రాక్టికల్ గది తళతళా మెరుస్తోంది. చెయ్యి చాపుకుని కూర్చునే ఎత్తు కుర్చీ, బల్ల మీద దూది, రబ్బరు పట్టీ, రంగురంగుల మూతల ట్యూబులు, గాజుతలుపుల అవతల తిరుగుతున్న మిషన్లు. బావమరిది సంచితో, తలగడతో లోపలికి వచ్చి గంభీరంగా నిలబడ్డాడు. "నేను రెడీ బావా."

టైలరు ఇంకా విషయమే చెప్పలేదు. తలగడ చూసి మేడమ్ కళ్లజోడు సవరించుకుంది. "సంచి ఎందుకు బాబూ?"

"ఎన్నాళ్లు ఉంచుతారో తెలీదు కదండీ."

"ఉంచడమేంటి? రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాల్లో తీసేస్తారా!" వైద్యం ఇంత ముందుకెళ్లిందా అని బావమరిది ఆశ్చర్యపోయాడు. "కుడిదా, ఎడమదా?"

"ఏదైనా ఫరవాలేదు. మీ బావగారు చూసి, ఏది బాగుంటే అది తీసుకుంటారు."

"బావే తీస్తాడా?" అని బావమరిది గుటక మింగాడు. మింగి, చొక్కా విప్పి, అవతలి బల్ల మీద బోర్లా పడుకున్నాడు. "కానివ్వు బావా. అక్కని జాగ్రత్తగా చూసుకో."

"ఒరేయ్, లేవరా! నాకు కావలసింది రెండు ట్యూబుల రక్తం!"

బావమరిది తల తిప్పి చూశాడు. "కిడ్నీ కాదా?"

"కిడ్నీ ఏంట్రా?"

విషయం అంతా బయటపడింది. టైలరుకి నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజంగా ఇచ్చేద్దామనే వచ్చావురా?" అన్నాడు.

"లేకపోతే తలగడ ఎందుకు తెస్తాను?" అని కసురుకుంటూ బావమరిది లేచి, ఎత్తు కుర్చీలో కూర్చుని, దర్జాగా చెయ్యి చాపాడు. "రెండు ట్యూబులేగా! పదైనా తీసుకో."

టైలరు పట్టీ కట్టి సూది తొడుగు తీశాడు. బావమరిది సూదిని చూశాడు. కిడ్నీ ఇవ్వడానికి సంచి సర్దుకుని వచ్చిన మనిషి, ఆ సన్నటి సూది మొనని చూసి, కిక్కురుమనకుండా కుర్చీలోంచి జారి నేలమీద పడ్డాడు.

మేడమ్ గబగబా వాడి కాళ్లు ఎత్తి తలగడ మీద పెట్టింది. తలగడ ఆ రకంగా పనికొచ్చింది. నాడి చూసి, "ఫరవాలేదు, లేస్తాడు. కానీ పడిపోయినవాళ్ల దగ్గర తీయకూడదు. ఇంకో మనిషి ఉన్నారా?" అని అడిగింది. టైలరు లేరన్నట్టు తలూపాడు. "అయితే ఇవాళ్టికి ఇంతేనండీ" అంది ఆవిడ, నిజంగా బాధపడుతూనే. టైలరు చేతి తొడుగులు విప్పబోయాడు.

సరిగ్గా అప్పుడే తలుపు దభీమని తెరుచుకుంది. చొక్కా లేకుండా నేలమీద పడి ఉన్న కొడుకుని చూసి అత్తగారు గుండెలు బాదుకుంది. "తీసేశారా! అప్పుడే తీసేశారా!"

"జబ్బని నాకొక్క మాట చెప్పకూడదుటండీ!" అంటూ భార్య మొగుడి మెడ పట్టుకుని భోరుమంది.

"నాకు జబ్బేంటే? నాకేం లేదు! పరీక్ష!"

భార్య ఏడుపు ఠక్కున ఆగింది. "ఏం లేదా? అయితే దారంతా నేను ఏడ్చిన ఏడుపు?" అని ఇప్పుడు కోపంతో మొదలుపెట్టింది. టైలరు తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అడిగితే కాదంటారన్న భయంతో దాచాననీ, ఇక ఆ గొడవే లేదనీ, ఇవాళ్టితో ఈ కోర్సూ అయిపోయిందనీ. భార్య ఆవేశంగా "నా రక్తం తీసుకోండి" అంటూ చేతులు చాపింది గానీ, కమిలిన చోట తీయకూడదని మేడమ్ అడ్డుపడింది.

అప్పుడు అత్తగారు కళ్లు తుడుచుకుని, ఎత్తు కుర్చీలో కూలబడింది. "నా కొడుకు కిడ్నీ ఇవ్వడానికి వచ్చాడు. నేను కాస్త రక్తం ఇవ్వలేనా? కానివ్వండి అల్లుడు గారూ."

టైలరుకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన లోకంలో భయపడేది ఈ ఒక్క మనిషికే. పెళ్లయిన కొత్తల్లో ఆవిడకొక జాకెట్టు కుట్టి ఇచ్చాడు. చెయ్యి బిగుతుగా వచ్చింది. ఆ సంగతి ఆవిడ ఇన్నేళ్లలో ఒక్క శుభకార్యంలోనూ చెప్పకుండా వదలలేదు.

"ముందు పేరు అడగండి" అంది మేడమ్. ఎంత తెలిసినవాళ్లయినా పేరు వాళ్ల నోటే చెప్పించాలి, అది ల్యాబ్ పద్ధతి.

"మీ... మీ పేరేంటండీ?"

"విన్నావుటే? పిల్లనిచ్చిన అత్తని పేరడుగుతున్నాడు!" అని కూతురితో అంటూనే, ఆవిడ తన పేరూ పుట్టిన తేదీ గట్టిగా చెప్పింది.

పట్టీ కట్టాడు. ఆ బొద్దుచేతిలో ఒక్క నరమూ కనిపించలేదు. చూసి లాభం లేక కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాడు. లైనింగు కింద దాగిన కుట్టుని వెతికినట్టు మెల్లిగా జరుపుతూ పోతే ఒకచోట మెత్తగా, నిండుగా తగిలింది. కళ్లు తెరిచి సూది దించాడు. చెయ్యి అలవాటు ప్రకారం దాన్ని అటువైపు తేల్చడానికి బయల్దేరింది.

"ఆగండి!" అని అరిచింది అత్తగారు.

చెయ్యి బిగుసుకుపోయింది. కోర్సంతా మేడమ్ మొత్తుకున్నా ఆగని చెయ్యి, ఆ ఒక్క కేకకి కొయ్యలా ఆగిపోయింది. మేడమ్ ట్యూబు వైపు చూపించింది. ఎర్రగా నిండుతోంది.

"కళ్లజోడు పెట్టుకోనివ్వరేం? నేను చూడొద్దూ?" అంది అత్తగారు.

రెండో ట్యూబూ నిండింది. పట్టీ విప్పి, సూది తీసి, దూది నొక్కి, ఆవిడ ఎదుటే ట్యూబుల మీద పేరు రాశాడు. మేడమ్ చెయ్యి కలిపి "పాసయ్యారు" అంటే టైలరు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. భార్య కోపం మరిచిపోయి తనూ ఏడ్చింది. ఆ గోలకి బావమరిది కళ్లు తెరిచి, నడుము తడుముకుంటూ, "ఏది తీశారు?" అన్నాడు.

అందరూ ఇక మెచ్చుకోవలసింది ఆవిడే అన్నట్టు అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ దూది ఎత్తి చూసింది. మచ్చ లేదు, కమిలింది లేదు. పట్టీ కట్టినచోట పడిన గీతని వేలితో రుద్దుకుంటూ లేచింది.

"అంతా బాగానే ఉంది గానీ అల్లుడు గారూ, చెయ్యి దగ్గర ఇప్పటికీ బిగుతే."