నా మోకాలికి వచ్చిన ఎంపతీ

వాగు పొంగి, కట్టంగూర్‌కు పోయే కల్వర్టును ఎత్తుకుపోయిన ఏడాది సంగతి. ఆ వరదకు బస్సు బందై, నల్గొండలో నర్సింగ్ చదివే మనుమరాలు అనూహ్య మా ఇంట్లోనే ఉండిపోయింది. లేకుంటే ఆ ఇంగ్లిషు మాట మా గడప తొక్కేదే కాదు.

నా భార్య ప్రమీలమ్మకు మోకాళ్ల నొప్పులు. అచ్చంపేట అడవి వైద్యుడిచ్చిన పసరు తాగుతోంది. నెల రోజులు పథ్యం. పులుపు లేదు, కారం లేదు, మాంసం లేదు. ఆ ఆదివారం నేను ఆమె ఎదురుగానే కూర్చుని నల్లి బొక్క చీకుతున్నాను.

"మోకాళ్లు గుంజుతున్నయయ్యా," అంది.

"ఊ," అన్నాను. నేను మాట్లాడేదే అంత.

"తాతా, నీకు ఎంపతీ లేదు," అంది అనూహ్య.

మూడో తరగతి దాటనివాడికైనా తిట్టు తిట్టులాగే వినిపిస్తుంది. "అంటే ఏంది బిడ్డా?"

"అవ్వను చూసి అయ్యో అంటే సింపతీ. గా నొప్పి నీకే అయినట్టు సమజైతే ఎంపతీ."

"అయ్యో అంటే సాలదా?"

"గా అయ్యో అయినా ఎప్పుడన్నవు?" అంది ప్రమీలమ్మ.

ఒళ్లు మండింది. ఇంతకాలం కాపురం చేసినవాడికి లేదట, మొన్న పుస్తకం తెరిచిన పిల్లకు ఉందట. తెల్లారి కుంటుకుంటూ లేచాను.

"నీ నొప్పి నాకూ వచ్చింది. ఉన్నదా లేదా ఎంపతీ?"

ప్రమీలమ్మ ఇంకో గ్లాసు తెచ్చి పసరు పోసింది. ఆ చేదు ముందు వేపాకు కూడా బెల్లమే. నా కంచంలోనూ చప్పటి పెసరపప్పు వేసింది.

"నాకెందుకే గిది?"

"నొప్పి ఒక్కటైనంక మందూ ఒక్కటే. నెల నిండకుండ ఆపితే కాళ్లు పడిపోతయన్నడు వైద్యుడు."

అనూహ్య నా వంకే చూస్తోంది. తాగాను.

కొన్నాళ్లకు ప్రమీలమ్మ అడిగింది: "ఏమయ్యా, నిన్న కుడికాలు కుంటితివి, ఇయ్యాల ఎడమకాలా?"

"నీకు రెండూ నొప్పే గద," అన్నాను.

ముందు మొదలుపెట్టింది గనుక ఆమె పథ్యం ముందే తీరింది. ఆ ఆదివారం మాంసం వండుకుని, నా చప్పిడి కంచానికి ఎదురుగా కూర్చుని నల్లి బొక్క అందుకుంది.

"ఏమే, నీకు ఎంపతీ లేదా?" అన్నాను.

"ఎందుకు లేదయ్యా. నీ నోరు ఎట్ల ఊరుతాందో నాకు ఎర్క గాదా? నువ్వు బొక్క చీకిననాడు నీ ఎదురుంగ నేను గిట్లనే కూసున్న."

అనూహ్య నవ్వు ఆపుకోలేక నీళ్ల వంకతో లేచిపోయింది.

మరునాడు పొద్దున కుంటకుండా లేచి, పసరు గ్లాసు కడిగి బోర్లించాను. పొయ్యి దగ్గరున్న ప్రమీలమ్మను, పెళ్లయినప్పటి నుంచి అడగని మాట అడిగాను.

"మోకాళ్లెట్లున్నయే?"

"ఊ," అంది.