లీకు ఆగితేనే లగ్గం

గురువారం పొద్దున మల్లేశం వేసుకున్న ప్రణాళిక చాలా సులువైనది. ఎనిమిదింటికి కారు బానెట్ ఎత్తాలి. పదింటికల్లా ఇంజన్ మీది మూత, అంటే టాపెట్ కవర్ కింద కొత్త ప్యాకింగ్ వేసి బిగించాలి. పదకొండింటికి స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, తనను పనికి రప్పించిన యజమాని, కఫీలు అబూ సాద్ ముందు నిలబడి పాస్‌పోర్టు అందుకోవాలి. ఇదే ప్రణాళికను అతడు అంతకుముందు నాలుగుసార్లు వేశాడు. నాలుగుసార్లూ నూనె కారింది, పాస్‌పోర్టు కఫీలు బీరువాలోనే ఉండిపోయింది. అయినా ఐదోసారి వేసుకోవడానికి అతడికి సిగ్గనిపించలేదు. సిగ్గుపడటం మల్లేశానికి ఊళ్ళో ఉన్నప్పుడూ అంతగా అలవాటు లేదు.

అసలతడు ప్లంబరు. జగిత్యాల పక్క పల్లె నుంచి సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌కు వచ్చింది నీళ్ళ పైపులు బిగించడానికే. వచ్చిన మొదటి ఎండాకాలంలోనే అబూ సాద్ పనివాళ్ళందరినీ వరుసగా నిలబెట్టి, కారు పని ఎవరికి వచ్చునని అడిగాడు. పైపుల పని ఎండలో, కారు పని షెడ్డు నీడలో. అంతకుమించిన అర్హత ఎందుకనుకుని మల్లేశం చెయ్యెత్తాడు. గొప్పలకు పోతే తిప్పలు తప్పవన్న మాట అతడు వినకపోలేదు గానీ, అది వేరేవాళ్ళ కోసం పుట్టిన సామెత అనుకున్నాడు.

ఆ కారు అబూ సాద్ తల్లిది. చనిపోయిన భర్త కొన్న బండి కాబట్టి ముసలావిడ ఇంకో దాంట్లో అడుగుపెట్టదు. కువైట్ యుద్ధం ముగిసినప్పటి నుంచి దానికొక రోగం పట్టుకుంది. ఇంజన్ మూత అంచు నుంచి నూనె కారి, కాలే సైలెన్సర్ గొట్టం మీద పడి, పొగై, కారులోకి వచ్చేది. ముసలావిడ దగ్గేది. కొడుకు మల్లేశాన్ని పిలిచి ప్రతిసారీ అదే తీర్పు చెప్పేవాడు.

"నా మనుషుల్లో మెకానిక్‌వి నువ్వొక్కడివే, బయటి షెడ్డుకు డబ్బు పొయ్యను. నువ్వు పోతే ఈ బండిని ఎవరు చూస్తారు? నూనె ఆగనీ, అప్పుడు పోదువు."

అవతల ఊళ్ళో ఉమారాణితో లగ్గం ఖాయమై మూడేళ్ళయింది. మొదటి ముహూర్తాన్ని యుద్ధం తినేసింది, నిరుటి ముహూర్తాన్ని నూనె తినేసింది. మూడోదానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. పిల్ల తండ్రి రాసిన ఉత్తరం అడుగున ఉమారాణి స్వయంగా నాలుగు ముక్కలు రాసింది. "యుద్ధమంటె అందరు నమ్మిన్రు. కారుల నూనె కారుతుందంటె ఎవ్వరు నమ్ముతలేరు. నవ్వుతున్నరు. ఈసారి రాకుంటె ఇగ రాకు." ఆ చివరి మాట చదివిన రోజు మల్లేశానికి అన్నం సహించలేదు. ఆ పిల్లంటే అతడికి నిజంగానే ఇష్టం. అతడిలో అబద్ధం కానిది ఏదైనా ఉంటే అదొక్కటే.

బానెట్ ఎత్తే సరికి సలహాలివ్వడానికి ప్రభాకర్ వచ్చి నిలబడ్డాడు. అతడు అదే గదిలో ఉండే సెంట్రింగ్ పనివాడు. కారు గురించి అతడికి తెలిసింది తలుపు తీయడం వరకే. కానీ చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

"బిగుతు సాల్తలేదు మల్లేశం. ఇంకింత బిగియ్యి."

"బిగిస్తనే ఉన్న గదనే!"

"పానాకు ఇనుప పైపు తొడిగి బిగియ్యి. అప్పుడెట్ల కారుతదో సూద్దాం."

ప్లంబరుకు ఈ మాట వేదవాక్కులా తోచింది. నీళ్ళు కారితే బిగించాలి, ఇంకా కారితే ఇంకా బిగించాలి. అతడు చదివిన శాస్త్రమంతా ఇంతే. మూరెడు పైపు తొడిగి ఇద్దరూ కలిసి లాగారు. ప్యాకింగ్ రబ్బరు నలిగి బయటికి నాలుక చాపింది, రేకు మూత అంచు వంగింది, రెండు బోల్టులు పుటుక్కున తెగాయి. మిగిలిన సందులను ఏం చేయాలో తెలియక మల్లేశం బాత్‌రూముల్లో వాడే సిలికాన్ ట్యూబు తెచ్చి, మూత చుట్టూ మొత్తం పిండేశాడు. అది ఆరడానికి ఒక రోజు పడుతుందని ట్యూబు మీద రెండు భాషల్లో రాసి ఉంది. ఆ రెండూ వాళ్ళిద్దరికీ రావు.

అప్పుడే అబూ సాద్ కిటికీలోంచి కేకేశాడు. "ఏం మల్లేశం, అయిందా? అమ్మ తన చెల్లెలింటికి బయల్దేరింది."

రేపటిదాకా ఆగమంటే సరిపోయేది. కానీ స్పానర్ చేతిలో ఉంటే మల్లేశం నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "ఖలాస్ బాబా! తమామ్!" అయిపోయింది, అంతా భేషని గట్టిగా అరిచాడు.

అబూ సాద్ బండి నడుపుతుండగా, వెనక సీట్లో ముసలావిడ, ముందు సీట్లో మెకానిక్ మహాశయుడు కూర్చున్నారు. కారు బజారు మలుపుదాకా బాగానే వెళ్ళింది. అక్కడ పచ్చి సిలికాన్ ఒక్కసారిగా జారిపోయి, నూనె ధారగా సైలెన్సర్ మీద పడింది. తెల్లటి పొగ బండంతా నిండిపోయింది.

"కీమావీ! కీమావీ!" అని ముసలావిడ గావుకేక పెట్టింది.

విషవాయువని అర్థం. యుద్ధమప్పుడు ఆ మాట వింటూ తడిగుడ్డలు పట్టుకుని నెలన్నర కూర్చున్న ఊరది. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికే మూలిగే ఆవిడ, కారు దిగి బజారు వెంట పరుగు తీసింది. టపటపా షట్టర్లు పడ్డాయి. రొట్టెల కొట్టువాడు పొయ్యి వదిలేసి పారిపోయాడు. గల్లాపెట్టె కింద యుద్ధం నాటి గ్యాస్ ముసుగు ఇంకా దాచుకున్న బట్టల షాపు పెద్దమనిషి దాన్ని తొడుక్కుని బకెట్ నీళ్ళతో వచ్చి, కారును వదిలేసి అబూ సాద్ మీద కుమ్మరించాడు. అది ఉత్త నూనె పొగని తేలడానికి అరగంట పట్టింది. తర్వాత బజారంతా పగలబడి నవ్వింది. తడిసిన తెల్లటి అంగీతో అబూ సాద్ ఎవరి ముఖమూ చూడకుండా కారును సందు చివర ఉన్న అల్లాబకాష్ షెడ్డుకు తోయించాడు.

అల్లాబకాష్ ముప్పై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న పాకిస్తానీ మేస్త్రీ. మూత చుట్టూ ఉన్న సిలికాన్ చూసి, "యే కిస్ ఉస్తాద్ కా కామ్ హై?" అని, ఇది ఏ ఉస్తాద్ పనో చెప్పమన్నాడు. ఉస్తాద్ నేల చూపులు చూశాడు. మేస్త్రీ మూతకున్న రెండు రబ్బరు గొట్టాలు ఊడదీసి, లోపల వేలు పెట్టి లాగాడు. ఒకదాంట్లోంచి నల్లగా కమిలిన గుడ్డపేలిక, ఇంకోదాంట్లోంచి దాని తోబుట్టువు, వాటి వెంట టేపు ఉండలు వచ్చాయి.

"ఇంజన్ ఊపిరి వదిలేది ఈ గొట్టాల్లోంచే. ముక్కు మూసేసి, నోట్లోంచి ఎందుకు కక్కుతోందని అడిగితే ఏం చెప్తుంది? లోపలి ఒత్తిడికి నూనె మూత అంచును తన్నుకుని వస్తుంది. నువ్వు వంద ప్యాకింగులు వేసినా ఇంతే."

మల్లేశం ఆ పేలికను గుర్తుపట్టాడు. అది అతడి పచ్చగళ్ళ లుంగీ. యుద్ధమప్పుడు సైరన్ మోగిన తొలిరోజు, గాలి దూరే సందులన్నీ మూసేయమని అబూ సాద్ చెప్పాడు. మిగతావాళ్ళు ఇంటి కిటికీలకు టేపు వేసి ఊరుకున్నారు. మల్లేశం మాత్రం స్వామిభక్తితో బానెట్ కూడా ఎత్తి, గొట్టమన్న ప్రతిదానికీ గుడ్డ కుక్కాడు. ఆ తర్వాత ప్యాకింగ్ మార్చిన ప్రతిసారీ ఆ గొట్టాలను శ్రద్ధగా విప్పి, లోపల చూడకుండా అంతే శ్రద్ధగా బిగించాడు.

"ఇది ఎవడి పని?" అని అబూ సాద్ అడిగాడు.

"ఎవడో అమెరికా సోల్జర్ బాబా! యుద్ధంలో వచ్చిండు, పెట్టిండు, పోయిండు." అతడి వచ్చీరాని అరబ్బీకి ఇది కష్టమైన అబద్ధమే. అయినా చెప్పేశాడు.

అబూ సాద్ నమ్మాడు. పైగా కరిగిపోయాడు. మల్లేశం భుజం మీద తడి చెయ్యి వేశాడు. "ఎవడో శత్రువులా గుడ్డలు కుక్కిపోయినా ఇన్నాళ్ళు ఈ బండిని నడిపించావు. నీలాంటి మెకానిక్ నాకు దొరకడు. మా తమ్ముడు కూడా ఒక పాత బండి కొన్నాడు, దానికీ నూనె కారుతోంది. అది బాగుచెయ్యి. హజ్ అయ్యాక నీ సెలవు సంగతి చూద్దాం."

మల్లేశం వేళ్ళు లెక్కపెట్టాడు. హజ్‌కు ఇంకా నెల ఉంది, లగ్గానికి పదకొండు రోజులే. 'ఇగ రాకు' అన్న అక్షరాలు కళ్ళ ముందు ఆడాయి. మూడేళ్ళుగా మోస్తున్న గొప్ప ఒక్కసారిగా భారమైంది.

"నేను మెకానిక్‌ను కాను బాబా!" అని ఏడుపు గొంతుతో అరిచాడు. "అనా సబ్బాక్! ప్లంబరును! నాకు కారు పని రాదు, ఎన్నడు రాలే. ఆ లుంగీ నాదే. కుక్కింది నేనే!"

అల్లాబకాష్ నవ్వు దాచుకోవడానికి ఇంజన్‌లోకి తల దూర్చాడు. అబూ సాద్ మల్లేశం భుజం మీది చెయ్యి తీసేశాడు.

"ప్లంబరువా?" అన్నాడు. "నా దగ్గర ఇంకో మెకానిక్ లేడని కదా నిన్ను ఆపింది! ప్లంబర్లు నా దగ్గర పదకొండుమంది ఉన్నారు. ఈ ముక్క నిరుడే చెప్పి ఉంటే నిరుడే పంపేవాణ్ణి, గాడిదా!"

నిరుటి ముహూర్తం గుర్తొచ్చి మల్లేశం తల బాదుకున్నాడు. ఒక్క నిజం చెబితే పోయేదానికి ఐదు ప్యాకింగులు వేశాడు. శనివారం పాస్‌పోర్టు మీద మూడు నెలల సెలవు ముద్ర పడింది. తిరిగి వచ్చాక ఎండలో పైపుల పనేనని కూడా చెప్పి పంపారు. ఆ సాయంత్రమే టెలిఫోన్ క్యాబిన్‌కు పరుగెత్తి ఊళ్ళో కిరాణా కొట్టుకు ఫోన్ చేసి, ఉమారాణిని, ఆమె తండ్రిని పిలిపించాడు.

"నిజంగనె వస్తున్నవా?" ఆమె ఆత్రంగా అడిగింది. "నూనె ఆగిందా?"

"ఆగింది. వస్తున్న. ఈసారి పక్కా." అతడు రిసీవర్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"ఎట్ల ఆగింది?"

"ఎట్లేంది! నేనే ఆపిన."

ఆపైన ఫోన్ మామకిమ్మని, శుభలేఖలో తన పేరు కింద 'కారు మెకానిక్, సౌదీ అరేబియా' అని పెద్దక్షరాలతో వేయించమన్నాడు.